యాంటెన్నా, రికార్డర్, స్ట్రీమింగ్ స్టిక్: టీవీకి తగిలించే మూడు పరికరాల సమీక్ష

టీవీ కొనేటప్పుడు తెర ఎన్ని అంగుళాలో అందరూ చూస్తారు. ఆ తెర మీదికి బొమ్మ ఏ దారిన వస్తుందో అడిగేవాళ్ళు తక్కువ. ఇంట్లో ఎవరు, ఎప్పుడు, ఏం చూస్తారన్నది మాత్రం ఆ దారిని బట్టే ఉంటుంది. యాంటెన్నా ఒక్కటే ఉన్న ఇంట్లో కార్యక్రమం మొదలయ్యే వేళకి అందరూ వచ్చి కూర్చుంటారు. రికార్డర్ ఉంటే ఎవరికి తీరిక దొరికినప్పుడు వాళ్ళు కూర్చుంటారు. ఇంటర్నెట్ వీడియోని టీవీకి చేర్చే స్ట్రీమింగ్ స్టిక్ వచ్చాక ఒక్కొక్కరూ ఒక్కో వేళకి, చాలాసార్లు ఒక్కో గదిలో కూర్చుంటున్నారు. గత ఏడెనిమిది దశాబ్దాల్లో ప్రపంచమంతటా టీవీ ప్రేక్షకులు మారిన క్రమం కూడా ఇదే. అందుకని ఈ మూడింటినీ ఒక్కొక్కటీ ఏ అలవాటు కోసం పుట్టింది, ఆ పనిని ఇవాళ ఎంత బాగా చేస్తుంది, ఎక్కడ మొరాయిస్తుంది అన్న లెక్కన తూచాం.

తీర్పు ముందే చెప్పేస్తాం. ప్రత్యక్ష ప్రసారానికి యాంటెన్నాని మించినది ఇప్పటికీ రాలేదు. రికార్డర్‌కి దక్కాల్సిన గౌరవం దక్కడం లేదు. మూడింటిలోకీ ప్రేక్షకుడి పక్షాన నిలబడే పరికరం అదే. స్టిక్ దాదాపు ప్రతి ఇంటికీ కావలసిందే, కాకపోతే డబ్బాలోంచి తీసినప్పుడున్న సెట్టింగులతో వాడకూడదు.

యాంటెన్నా

రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక అమెరికాలో పెద్ద ఎత్తున అమ్ముడైన మొదటి సెట్లలో ఒకటి 1946 నాటి ఆర్‌సీఏ 630-టీఎస్. దాని తెర 10 అంగుళాలు. ఇవాళ టాబ్లెట్‌కి ఉండేంత. అంత చిన్న తెర ముందు ఇంటిల్లిపాదీ చేరడానికి కారణం, అప్పుడు తప్పిపోతే ఆ కార్యక్రమం మళ్ళీ దొరకదు. ఛానెళ్ళు రెండో మూడో. వేళ ప్రసార సంస్థది. దాంతో దేశం మొత్తం ఒకే క్షణంలో ఒకే బొమ్మ చూసేది. 1983 ఫిబ్రవరి 28న అమెరికాలో 'మాష్' సీరియల్ చివరి ఎపిసోడ్‌ని చూసినవాళ్ళు సుమారు 10 కోట్ల 60 లక్షలు. ఇలా కలిసి చూడటం కరెంటు మీటర్లలో కూడా కనిపించేది. 1990 జూలై 4న ప్రపంచ కప్ ఫుట్‌బాల్ సెమీ ఫైనల్లో ఇంగ్లండ్, పశ్చిమ జర్మనీ మ్యాచ్ పెనాల్టీ షూటౌట్‌తో ముగియగానే బ్రిటన్ గ్రిడ్ మీద ఒక్కసారిగా 2,800 మెగావాట్ల భారం పెరిగింది. లక్షల ఇళ్ళలో జనం ఒకే నిమిషంలో లేచి టీ కోసం కెటిల్ స్విచ్ వేశారు. ఇలాంటి పోట్లను తట్టుకోవడంలో వేల్స్‌లోని డినోర్విగ్ జలవిద్యుత్ కేంద్రానికి పెద్ద పాత్ర ఉంది. సిద్ధంగా తిరుగుతున్న టర్బైన్లతో అది దాదాపు 12 సెకన్లలో 1,320 మెగావాట్లకి చేరగలదు. టీవీ ప్రేక్షకులు ఎంత ఒద్దికగా ఒకే గడియారానికి కట్టుబడి ఉండేవాళ్ళో ఇంతకన్నా బాగా చెప్పే కొలత మరొకటి లేదు.

ఆ ఒకే గడియారం ఈరోజుకీ యాంటెన్నాలో ఉంది. డిజిటల్ ప్రసారంలో బొమ్మని కుదించి, విప్పడానికి కొన్ని సెకన్లు పడుతుంది, అంతే. అదే మ్యాచ్ ఇంటర్నెట్ మీద వస్తే వీడియోని ముక్కలుగా కోసి పంపుతారు. ఒక్కో ముక్క సాధారణంగా 6 సెకన్లది. ప్లేయర్ మూడు ముక్కలు చేతిలో పెట్టుకుని గానీ మొదలుపెట్టదు; అక్కడే 18 సెకన్లు. ముక్కలు తయారవడానికి, సర్వర్ల మీదుగా రావడానికి పట్టే సమయం కలిపితే అర నిమిషం దాకా, ఒక్కోసారి అంతకు మించి వెనకబడుతుంది. పక్కింట్లో గోల్ అని కేక వినిపించాక మీ తెర మీద ఆటగాడు ఇంకా బంతి తీసుకుని పరిగెడుతూ ఉంటాడు. ఆలస్యం తగ్గించే పద్ధతులు 2019 నుంచి ప్రమాణాల్లోకి వచ్చాయి గానీ అన్ని యాప్‌లూ వాటిని వాడటం లేదు. ఆటలు ఇష్టమైన ఇంట్లో యాంటెన్నా తీగని పీకేయవద్దని మేం పట్టుబట్టేది ఇందుకే.

ఇంకో మేలు కూడా ఉంది. గాలిలో వచ్చే ప్రసారానికి ఎంతమంది చూస్తున్నారన్న దానితో పనిలేదు. పదిమంది చూసినా పది కోట్ల మంది చూసినా బొమ్మ నాణ్యత ఒకటే. స్ట్రీమింగ్‌లో మాత్రం పెద్ద మ్యాచ్ రోజున సర్వర్ల మీద, మీ వీధి లైను మీద భారం పడుతుంది.

బిగించడంలో జరిగే తప్పులే యాంటెన్నాకి చెడ్డపేరు తెచ్చాయి. పాత అనలాగ్ ప్రసారంలో సిగ్నల్ తగ్గితే బొమ్మ మీద చుక్కలు వచ్చేవి, నీడలు పడేవి, అయినా కథ అర్థమయ్యేది. డిజిటల్‌లో అలా మెల్లగా పాడవడం లేదు. ఒక గీత దాకా నిక్షేపంగా ఉంటుంది, గీత దాటగానే గళ్ళు గళ్ళుగా విరిగి ఆగిపోతుంది. అందుకని 'ఇప్పుడు బాగానే వస్తోంది కదా' అనుకుని వదిలేస్తే వాన పడిన రోజున పోతుంది. టీవీ మెనూలో సిగ్నల్ బలం, సిగ్నల్ నాణ్యత అని రెండు గీతలు కనిపిస్తాయి. చూడాల్సింది నాణ్యతని. బలం నిండుగా ఉండి నాణ్యత ఊగుతుంటే సిగ్నల్ ఎక్కడో గోడకో మేడకో తగిలి రెండు దారుల్లో వస్తోందని అర్థం. అప్పుడు సిగ్నల్‌ని పెంచే యాంప్లిఫయర్ పెడితే ఉపయోగం లేదు, యాంటెన్నాని జరపాలి. 500 మెగాహెర్ట్జ్ దగ్గర తరంగం పొడవు 60 సెంటీమీటర్లే కాబట్టి ఒక్కోసారి అర మీటరు పక్కకి జరిపినా ఫలితం కనిపిస్తుంది.

తీగ 75 ఓమ్‌ల ఆర్‌జీ-6 రకం తీసుకోండి. 30 మీటర్ల పొడవుకి, ఎక్కువ ఫ్రీక్వెన్సీల దగ్గర, అది సుమారు 5 నుంచి 6 డెసిబెల్స్ మింగుతుంది. రెండు టీవీలకి పంచే స్ప్లిటర్ ఇంకో మూడున్నర తీసుకుంటుంది. యాంప్లిఫయర్ తప్పనిసరైతే దాన్ని యాంటెన్నా కిందే, స్తంభం మీద పెట్టాలి. టీవీ వెనక పెడితే అప్పటికే తీగలో కలిసిన రొదని కూడా పెంచి ఇస్తుంది. ప్రసార టవర్ దగ్గర్లో ఉన్న ఇళ్ళకి అసలు అదే శత్రువు: సిగ్నల్ మితిమీరితే టీవీలో ఛానెల్‌ని పట్టే ట్యూనర్ ఉక్కిరిబిక్కిరై ఉన్న ఛానెళ్ళు కూడా పోతాయి. కనెక్టర్ బిగించేటప్పుడు పైన అల్లికలోని ఒక్క పోగు కూడా మధ్య రాగి తీగని తాకకూడదు. 'యాంటెన్నా పాడైంది' అని పారేసే చాలా సందర్భాల్లో దోషం ఆ వెంట్రుకవాసి పోగుదే. ఒకప్పుడు టీవీవైన 700, 800 మెగాహెర్ట్జ్ పట్టీలను చాలా దేశాలు మొబైల్ సేవలకి ఇచ్చేశాయి. మొబైల్ టవర్ ఇంటికి దగ్గరగా ఉంటే తీగ మొదట్లో 4జీ, 5జీ ఫిల్టర్ వేయాలి. అన్నీ అయ్యాక ఛానెళ్ళని మళ్ళీ వెతికించండి. ప్రసార సంస్థలు ఫ్రీక్వెన్సీ మార్చినప్పుడల్లా ఈ పని చేయాల్సి వస్తుంది.

రికార్డర్

వేళని ప్రసార సంస్థ చేతిలోంచి ప్రేక్షకుడు మొదటిసారి లాక్కున్నది క్యాసెట్‌తో. సోనీ బీటామ్యాక్స్ 1975లో, జేవీసీ వీహెచ్‌ఎస్ 1976లో వచ్చాయి. తొలి బీటామ్యాక్స్ క్యాసెట్ గంటే నడిచేది, వీహెచ్‌ఎస్ రెండు గంటలు. సినిమా ఒక్క క్యాసెట్లో పట్టాలంటే రెండు గంటలు కావాలి. బీటామ్యాక్స్ బొమ్మ కాస్త మెరుగని పేరున్నా జనం వీహెచ్‌ఎస్ వైపు మళ్ళడానికి ఉన్న కారణాల్లో ఇదొకటి. ఇంట్లో చూసుకోవడానికి రికార్డు చేసుకోవడం తప్పా ఒప్పా అన్న వ్యాజ్యం అమెరికా సుప్రీం కోర్టు దాకా పోయింది. 1984 జనవరి 17న 5-4 ఓట్ల తేడాతో, తర్వాత చూసుకోవడానికి రికార్డు చేసుకోవడం న్యాయమైన వాడకమేనని కోర్టు తేల్చింది. ఆ ఒక్క ఓటు అటు పడి ఉంటే ఈ సమీక్షలో సగం ఉండేది కాదు.

క్యాసెట్ రికార్డర్‌కి పెద్ద లోపం వాడకంలో ఉండేది. గడియారం పెట్టాలి, తేదీ, మొదలు, ముగింపు, ఛానెల్ నాలుగూ నొక్కాలి, ఖాళీ క్యాసెట్ లోపల ఉండాలి. వీటిలో ఏది తప్పినా కార్యక్రమం పోయినట్టే. 1999లో టీవో, రీప్లే టీవీ అనే హార్డ్ డిస్క్ రికార్డర్లు ఈ చిక్కుని పూర్తిగా తీర్చాయి. తెర మీదే కార్యక్రమాల పట్టిక, పేరు మీద ఒక్క నొక్కు, సీరియల్ మొత్తానికి ఇంకో నొక్కు. నడుస్తున్న ప్రసారాన్ని ఆపి, లేచి వెళ్ళొచ్చి, ఆపిన చోటు నుంచే చూడటం అప్పుడు వింతగా తోచింది. ఇవాళ పిల్లలకి ఆపలేని టీవీ వింత.

ప్రకటనలు దాటేయడం కూడా దీంతోనే అలవాటైంది. రేటింగ్ సంస్థల లెక్కలు దాంతో తారుమారయ్యాయి. అంతకుముందు ఆ రాత్రి ఎందరు చూశారన్నదే లెక్క. అమెరికాలో 2007 నుంచి ప్రకటనల బేరాలకి 'సీ3' అనే కొలత వాడుకలోకి వచ్చింది: ప్రసారమైన రోజు, ఆ తర్వాత మూడు రోజుల్లోపు రికార్డింగ్‌లో చూసినవాళ్ళని కూడా కలిపి, ప్రకటనల నిమిషాల్ని కొలవడం. బ్రిటన్‌లో ప్రేక్షకుల్ని లెక్కించే బార్బ్ సంస్థ ఏడు రోజుల్లోపు చూపుల్ని కలిపిన లెక్కని ప్రధానంగా ఇచ్చేది, తర్వాత 28 రోజుల లెక్క కూడా ఇవ్వసాగింది. ఒక కార్యక్రమానికి ప్రేక్షకులెందరు అన్న ప్రశ్నకి ఆ రాత్రే జవాబు దొరికే రోజులు అక్కడితో పోయాయి.

ఇప్పుడు కొనేవాళ్ళకి. ముందు ట్యూనర్ల సంఖ్య చూడండి. ఒక్క ట్యూనర్ ఉంటే ఒకటి రికార్డవుతుండగా రెండోది చూడలేరు. రెండు కనీసం, పెద్ద కుటుంబానికి నాలుగు. డిస్క్ పరిమాణం లెక్క తేలిక: సెకనుకి 8 మెగాబిట్ల హెచ్‌డీ ప్రసారం గంటకి 3.6 గిగాబైట్లు. 1 టెరాబైట్‌లో దాదాపు 275 గంటలు పడతాయి. అమెరికా పద్ధతి ఏటీఎస్‌సీ 1.0 ప్రసారంలో ఒక ఫ్రీక్వెన్సీ గరిష్ఠంగా సెకనుకి 19.39 మెగాబిట్లు మోయగలదు. అదంతా ఒకే కార్యక్రమానికి వాడితే గంటకి 8.7 గిగాబైట్లు, అంటే అదే డిస్క్‌లో 115 గంటలు. రెండు టెరాబైట్లకి మించి కొనడం మా దృష్టిలో వృథా. డిస్క్ పెద్దదయ్యేకొద్దీ చూడని రికార్డింగులు పేరుకుంటాయే తప్ప చూసే గంటలు పెరగవు.

ఎక్కువమంది విసుక్కునేది ముగింపు తెగిపోవడం గురించి. ప్రత్యక్ష కార్యక్రమం పది నిమిషాలు సాగితే తర్వాతవన్నీ జరుగుతాయి, రికార్డర్ మాత్రం పట్టికలో ఉన్న వేళకే ఆపేస్తుంది. ప్రసారం వెంట వచ్చే సంకేతాన్ని పట్టుకుని వేళని సర్దుకునే రికార్డర్లున్నాయి, దొరికితే అవే తీసుకోండి. లేకపోతే అన్నిటికీ ముందు 2 నిమిషాలు, వెనక 5 నిమిషాలు అదనం పెట్టండి. ఆటలకి వెనక 60 నిమిషాలు పెట్టినా తప్పులేదు. ఇందులో ఒక మెలిక ఉంది: ఒకే ఛానెల్లో వరుసగా రెండు కార్యక్రమాలకి అదనం పెడితే ఆ ఏడు నిమిషాలూ రెండు ట్యూనర్లు పని చేస్తాయి. మూడోది రికార్డు కాలేదంటే కారణం చాలాసార్లు ఇదే.

టీవీకే యూఎస్‌బీ డిస్క్ తగిలించి రికార్డు చేసే సదుపాయం చాలా మోడళ్ళలో ఉంది. అత్యవసరానికి బాగుంటుంది గానీ దాని మీద ఆధారపడవద్దు. ఆ రికార్డింగులకి సాధారణంగా ఆ టీవీ తాళం పడి ఉంటుంది. టీవీ మదర్‌బోర్డు మార్చినా, కొత్త టీవీ కొన్నా పాత డిస్క్ తెరుచుకోదు. పైగా మామూలు యూఎస్‌బీ 2.0 పోర్టు 500 మిల్లీ ఆంపియర్లే ఇస్తుంది. చిన్న పోర్టబుల్ డిస్క్ తిరగడం మొదలుపెట్టేటప్పుడు అంతకన్నా ఎక్కువ లాగితే రికార్డింగ్ మధ్యలో తెగుతుంది. విడిగా కరెంటు తీసుకునే డిస్క్ వాడాలి.

ఇంత చెప్పి రికార్డర్‌ని ఎందుకు మెచ్చుకుంటున్నామంటే, అందులో పడినది మీరు చెరిపేదాకా ఉంటుంది. స్ట్రీమింగ్ సేవలో హక్కుల గడువు తీరగానే సినిమా మాయమవుతుంది, సగం చూసి ఉన్నా సరే. రికార్డర్ తర్వాత ఏం చూడాలో మీకు చెప్పదు. మీరు ఎంచుకున్నది చూపించి ఊరుకుంటుంది. ఆ మర్యాద మిగతా రెండింటికీ లేదు.

స్ట్రీమింగ్ స్టిక్

నెట్‌ఫ్లిక్స్ 2007లో వీడియోని నేరుగా ఇంటర్నెట్ మీద ఇవ్వడం మొదలుపెట్టింది. 2008లో దాన్ని టీవీకి చేర్చే రోకు పెట్టె వచ్చింది. 2013లో గూగుల్ క్రోమ్‌కాస్ట్‌తో ఆ పెట్టె వేలెడంత పుల్ల అయింది. అదే ఏడాది ఫిబ్రవరి 1న నెట్‌ఫ్లిక్స్ 'హౌస్ ఆఫ్ కార్డ్స్' మొదటి సీజన్ 13 ఎపిసోడ్‌లూ ఒకేసారి విడుదల చేసింది. వారం వారం ఎదురుచూడటం, మర్నాడు పనిచోట ఆ ఎపిసోడ్ గురించి మాట్లాడుకోవడం అనే పద్ధతికి అది పెద్ద దెబ్బ. ఒకడు ఆరో ఎపిసోడ్‌లో, ఇంకొకడు పదోదాంట్లో ఉంటే మాట ఎక్కడ కలుస్తుంది? ఇప్పుడు చాలా సేవలు మళ్ళీ వారానికొక ఎపిసోడ్ ఇస్తున్నాయి. ఇది మంచి మార్పని మా అభిప్రాయం.

అమెరికాలో టీవీ తెర మీద గడిచే సమయాన్ని నీల్సన్ సంస్థ నెలనెలా లెక్కిస్తుంది. 2022 జూలైలో స్ట్రీమింగ్ వాటా 34.8 శాతానికి చేరి కేబుల్‌ని (34.4) మొదటిసారి దాటింది. 2025 మేలో 44.8 శాతంతో, కేబుల్, గాలి ప్రసారాలు రెండూ కలిసిన మొత్తాన్నే దాటింది. ఈ అంకెలు టీవీ తెరవే. ఫోన్లో చూసేది ఇందులో లేదు.

టీవీలోనే యాప్‌లు ఉన్నప్పుడు స్టిక్ దేనికని అడుగుతారు. తెర చాలా ఏళ్ళు బతుకుతుంది, అందులోని సాఫ్ట్‌వేర్‌కి కంపెనీ మద్దతు అంతకాలం ఉండదు. యాప్‌లు ఒక్కొక్కటే పనిచేయడం మానేస్తే టీవీ మార్చనక్కర్లేదు, స్టిక్ మారిస్తే సరిపోతుంది.

స్టిక్‌ని టీవీ యూఎస్‌బీ పోర్టు నుంచి నడపకండి. ఆ పోర్టు ఇచ్చేది 5 వోల్టుల దగ్గర అర ఆంపియర్, అంటే రెండున్నర వాట్లు. చాలా స్టిక్‌లకి కనీసం ఆంపియర్ కావాలి. వాటంతటవే ఆగి మళ్ళీ మొదలయ్యే స్టిక్‌లలో ఎక్కువ భాగం ఈ పొరపాటు వల్లే అలా చేస్తాయి. డబ్బాలో వచ్చిన ఛార్జర్ని గోడ సాకెట్‌కి పెట్టండి. రెండోది, టీవీ వెనక లోహపు పలక వైఫైని అడ్డుకుంటుంది, వేడి కూడా అక్కడే చేరుతుంది. చిన్న హెచ్‌డీఎంఐ పొడిగింపు తీగతో స్టిక్‌ని పక్కకి తీస్తే రెండూ మెరుగవుతాయి. 5 గిగాహెర్ట్జ్ వైఫై వేగంగా ఉంటుంది గానీ రెండు గోడలు దాటదు. రౌటర్ దూరంగా ఉంటే 2.4 వాడండి, లేదా తీగతో నెట్ అందించే ఈథర్నెట్ అడాప్టర్ కొనండి. అది 100 మెగాబిట్లదైనా పుష్కలం, ఎందుకంటే 4కే బొమ్మకి నెట్‌ఫ్లిక్స్ అడిగేది సెకనుకి 15 మెగాబిట్లు, 1080పీకి 5. డేటాకి హద్దు ఉన్న కనెక్షన్ అయితే గుర్తుంచుకోండి: సెకనుకి 15 మెగాబిట్లంటే గంటకి దాదాపు 6.75 గిగాబైట్లు. రోజుకి రెండు గంటలు చూసే ఇంట్లో నెలకి 400 గిగాబైట్లు దాటుతుంది.

4కే స్టిక్, 4కే టీవీ, 4కే చందా అన్నీ ఉండి బొమ్మ మాత్రం 1080పీలో ఆగిపోతే మధ్యలో ఉన్న పాత సౌండ్ రిసీవర్‌ని అనుమానించండి. 4కే వీడియోకి హెచ్‌డీసీపీ 2.2 అనే రక్షణ ప్రమాణం దారి పొడవునా ఉండాలి. ఒక్క పరికరంలో లేకపోయినా నాణ్యత పడిపోతుంది. స్టిక్‌ని నేరుగా టీవీకి పెట్టి, శబ్దాన్ని ఆర్క్ లేక ఈఆర్క్ పోర్టు ద్వారా రిసీవర్‌కి పంపితే సరిపోతుంది. కొన్ని టీవీల్లో హెచ్‌డీఎంఐ పోర్టుకి పూర్తి వేగాన్ని మెనూలో విడిగా ఆన్ చేయాలి. దాన్ని మర్చిపోయి హెచ్‌డీఆర్ (వెలుగునీడల తేడాని మరింత బాగా చూపే బొమ్మ) రావడం లేదని స్టిక్ వాపసు చేసేవాళ్ళున్నారు.

సినిమాలు చూసేవాళ్ళు ఫ్రేమ్ రేటు జతపరిచే సెట్టింగ్ తప్పక ఆన్ చేయాలి. సినిమా సెకనుకి 24 ఫ్రేములు. 60 హెర్ట్జ్ మీద చూపిస్తే ఒక ఫ్రేము రెండుసార్లు, తర్వాతది మూడుసార్లు కనిపించి, కెమెరా పక్కకి తిరిగే దృశ్యాల్లో బొమ్మ కుదుపుతుంది. ఆ కుదుపుని పోగొట్టడానికి టీవీలు మధ్య ఫ్రేముల్ని ఊహించి కలుపుతాయి, దాంతో సినిమా స్టూడియోలో తీసిన సీరియల్లా కనిపిస్తుంది. ఆ సవరణని ఆపండి. 2019లో ప్రకటించిన ఫిల్మ్‌మేకర్ మోడ్ ఉన్న టీవీల్లో దాన్ని ఎంచుకుంటే ఇవన్నీ ఒకేసారి ఆగుతాయి.

అన్నిటికన్నా ముఖ్యమైన సెట్టింగ్ యాప్‌ల లోపల ఉంది. ఎపిసోడ్ అయిపోగానే తర్వాతది దానంతటదే మొదలవడాన్ని ఆపేయండి. రికార్డర్ కాలంలో ఇంకోటి చూడాలంటే బటన్ నొక్కాలి, ఇప్పుడు చూడకుండా ఉండాలంటే నొక్కాలి. ఈ ఒక్క తిరకాసు రాత్రి నిద్ర వేళల్ని ఎంత మార్చిందో ప్రతి ఇంటికీ తెలుసు. నెట్‌ఫ్లిక్స్‌లో అయితే ప్రొఫైల్ సెట్టింగుల్లో ప్లేబ్యాక్ అన్న చోట ఉంటుంది. ప్రివ్యూలు వాటంతటవే మోగడాన్ని ఆపే వీలు 2020 ఫిబ్రవరిలో ఇచ్చారు, అది కూడా అక్కడే ఉంది. ప్రతి ప్రొఫైల్‌కీ విడిగా ఆపాలి. ఒకరిది ఆపి అందరిదీ ఆగిందనుకుంటారు.

ప్రొఫైళ్ళని కూడా నిజాయితీగా వాడండి. పిల్లల కార్టూన్లు పెద్దవాళ్ళ ప్రొఫైల్లో నడిస్తే రెండు వారాల్లో సిఫారసులు పనికిరాకుండా పోతాయి. కలిసి చూసేటప్పటికి 'ఇల్లు' అని ఒక ఉమ్మడి ప్రొఫైల్ పెట్టుకోవడం మేం చూసిన వాటిలో మంచి ఏర్పాటు.

ఎవరు చూస్తున్నారో ఎలా తెలుస్తోంది

ఒకప్పుడు ఎంపిక చేసిన ఇళ్ళకి డైరీ ఇచ్చి వారం రోజులు ఏం చూశారో రాయమనేవాళ్ళు. వారాంతంలో కూర్చుని రాసేవాళ్ళకి పేరున్న కార్యక్రమాలే గుర్తొచ్చేవి. చిన్న ఛానెళ్ళు అలా నష్టపోయాయి. 1987లో అమెరికా జాతీయ రేటింగ్‌లకి పీపుల్ మీటర్ వచ్చింది: ఇంట్లో ఒక్కొక్కరికీ ఒక బటన్, కూర్చున్నప్పుడు నొక్కాలి. నొక్కడం మర్చిపోవడం దాని లోపం. ఇప్పటి స్మార్ట్ టీవీలకి బటన్ అక్కర్లేదు. తెర మీది బొమ్మ నమూనాని పట్టి పోల్చి మీరు ఏం చూస్తున్నారో గుర్తించే సదుపాయం చాలావాటిలో ఉంటుంది. హెచ్‌డీఎంఐ ద్వారా వచ్చేదాన్ని కూడా అది గుర్తించగలదు. ఇలా కోటీ పది లక్షల టీవీల నుంచి అనుమతి లేకుండా సమాచారం తీసుకున్నారన్న ఆరోపణ మీద టీవీలు అమ్మే విజియో సంస్థ 2017 ఫిబ్రవరిలో అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్, న్యూజెర్సీ రాష్ట్రంతో 22 లక్షల డాలర్లకి రాజీ కుదుర్చుకుంది. మొదటిసారి టీవీ ఆన్ చేసినప్పుడు వరసగా 'అంగీకరిస్తున్నాను' నొక్కుతూ పోవడంలో ఇది దాటిపోతుంది. గోప్యత మెనూలో 'చూసే సమాచారం', 'ఆసక్తి ఆధారిత ప్రకటనలు' లాంటి పేర్లతో ఉంటుంది. ఆపినందువల్ల ఛానెళ్ళకీ యాప్‌లకీ ఏ లోటూ రాదు.

శబ్దం

బొమ్మ మెరుగైనకొద్దీ టీవీ శబ్దం తీసికట్టయింది. తెర పలచనై స్పీకర్లు వెనక్కో కిందికో తిరిగాయి. మాట గోడకి తగిలి వస్తుంది. తెలిసిన భాషలో కూడా సబ్‌టైటిళ్ళు పెట్టుకుని చూడటం అలవాటవడానికి ఇదొక కారణం. సౌండ్‌బార్ కొంటే మధ్య స్పీకర్ విడిగా ఉన్నది, అంటే కనీసం 3.0 లేక 3.1 అని రాసి ఉన్నది తీసుకోండి. సంభాషణ వచ్చేది ప్రధానంగా అందులోంచే. కొనే ఉద్దేశం లేకపోతే స్టిక్ ఆడియో సెట్టింగులో సరౌండ్ తీసేసి స్టీరియో పెట్టి, రాత్రి మోడ్ ఆన్ చేయండి. పేలుళ్ళు తగ్గి మాటలు పైకొస్తాయి.

ఏది ఎవరికి

ఆటలు, వార్తలు ఎక్కువగా చూసే ఇంటికి యాంటెన్నా, రెండు ట్యూనర్ల రికార్డర్. స్టిక్ ఆ తర్వాత. సినిమాలు, సిరీస్‌లే లోకమైన ఇంటికి స్టిక్, మంచి నెట్ కనెక్షన్, సౌండ్‌బార్. యాంటెన్నా తీగ గోడలో ఇప్పటికే ఉంటే దాన్ని టీవీకి తగిలించి ఉంచండి. నెట్ పోయిన రోజున వార్తలకి ఆధారం అదే. వయసు పైబడినవాళ్ళు ఒంటరిగా ఉండే ఇంటికి స్టిక్ ఒక్కటే ఇవ్వవద్దు. రిమోట్ మీద అంకె నొక్కితే ఛానెల్ వచ్చే పద్ధతికి అలవాటుపడిన చేతికి నాలుగు మెనూలు దాటి యాప్ తెరవడం బరువు. అక్కడ యాంటెన్నా ముందు, ఆన్ చేయగానే ప్రత్యక్ష ఛానెల్ వచ్చేలా టీవీ ప్రారంభ సెట్టింగ్ పెట్టండి.

మూడూ కొన్నవాళ్ళు కలిపే వరస: గోడ నుంచి యాంటెన్నా తీగ రికార్డర్‌లోకి, రికార్డర్ యాంటెన్నా అవుట్ నుంచి చిన్న తీగ టీవీలోకి. రికార్డర్ హెచ్‌డీఎంఐ పోర్టు 1కి, స్టిక్ 2కి, సౌండ్‌బార్ ఆర్క్ అని రాసి ఉన్న పోర్టుకి. తర్వాత టీవీ మెనూలో సీఈసీ (హెచ్‌డీఎంఐ తీగ ద్వారా పరికరాలు ఒకదాన్నొకటి నడిపే సదుపాయం) ఆన్ చేస్తే ఒక్క రిమోట్‌తోనే అన్నీ కదులుతాయి. రికార్డర్ ఆన్ అయినప్పుడల్లా చూస్తున్న యాప్ నుంచి తెర దానంతటదే మారిపోతుంటే రికార్డర్ వైపు సీఈసీని మాత్రం ఆపండి. రికార్డర్‌ని స్టాండ్‌బైలో ఉంచి, యాంటెన్నా ఛానెల్ టీవీలో నేరుగా వస్తోందో లేదో ఒకసారి చూడండి. రాకపోతే స్టాండ్‌బైలో సిగ్నల్ దాటనిచ్చే సెట్టింగ్ రికార్డర్ విద్యుత్ పొదుపు మెనూలో ఆగి ఉంటుంది, దాన్ని ఆన్ చేయాలి.